తిరుగు దారి ఎటు? గరివిడి వెల్డింగ్ షెడ్డులో ఒక బుల్లి ఆర్క్ ఫర్నేస్ డైరీ

ఆగస్టు, చివరి వారం

కడుతున్నది రెండు వస్తువులు. ఒకటి చల్లది: గాజు గిన్నె, అందులో మైలుతుత్తం నీళ్లు, వాటిలోంచి కరెంటు. రెండోది వేడిది: గ్రాఫైట్ మూసలో (లోహం కరిగించే గిన్నెలో) మేకులు, పైన గ్రాఫైట్ కడ్డీ, వెల్డింగ్ మెషిన్ నుంచి డీసీ (ఒకే దిక్కున పారే కరెంటు) ఆర్క్, అంటే గాలిలో కరెంటు దూకే మంట. ఫర్నేస్ లోపల కరిగిన లోహం ఎటు తిరుగుతుందో, దాంతో వేడి ఎటు పోతుందో తెలుసుకోవాలని.

నేను ఫెర్రో ఎల్లాయ్స్ (ఉక్కులో కలిపే మాంగనీసు లాంటి ఇనుప మిశ్రమాలు) ఫర్నేసుల మీద ఏళ్లపాటు షిఫ్టులు చేసినవాణ్ణి. విజయనగరం జిల్లా గరివిడి, బొబ్బిలి చుట్టుపక్కల ఇళ్లలో ఇలాంటివాళ్లు చాలామందే ఉంటారు. ఇక్కడ 1890ల్లోనే మాంగనీసు తవ్వకం మొదలైంది, తర్వాత ఫర్నేసులు వచ్చాయి. షిఫ్టులో మేం చూసేది బయటి సంగతులే: ఎన్ని ఆంపియర్లు, ఎన్ని యూనిట్లు, షెల్ (బయటి ఇనప తొడుగు) మీద ఏ వైపు రంగు మారింది, ట్యాపింగ్‌లో (కరిగిన లోహం బయటికి తీసేటప్పుడు) ఎంత దిగింది. ఒకే వైపు ఇటుక ఎందుకు తొందరగా అరిగిపోతుందని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో కారణం చెప్పేవారు. ఇటుక నాసిరకం అనేది అన్నిటికంటే తేలిక జవాబు, ఎదురు అడిగేవాడుండడు కాబట్టి.

ముందే ఒక తేడా చెప్పాలి. మా వైపు ఫర్నేసుల్లో ఎలక్ట్రోడ్లు (కరెంటు దించే కార్బన్ స్తంభాలు) ఛార్జ్‌లో, అంటే పైనుంచి పోసిన ఖనిజం, కోక్ (కాల్చిన బొగ్గు) సరుకులో కూరుకుపోయి ఉంటాయి. ఫెర్రో మాంగనీస్‌లో వేడి ఎక్కువ భాగం బయట వెలిగే ఆర్క్ నుంచి రాదు, కోక్ పొరలోంచి కరెంటు పోతూ పుట్టిస్తుంది. తుక్కు ఇనుము కరిగించి ఉక్కు చేసే ఆర్క్ ఫర్నేస్ వేరు. అక్కడ ఆర్క్ బయటికి కనిపిస్తుంది, కింద చెరువులా కరిగిన ఉక్కు ఉంటుంది. నేను మొదట ఈ రెండోదాన్ని పట్టుకుంటున్నాను, ఎందుకంటే లోపల జరిగేది చూడటానికి అదే తేలిక.

షెడ్డు ఒక వెల్డింగ్ మేస్త్రీది. ఆయన మనవరాలు డిప్లొమా మెకానికల్ చదువుతోంది, సెలవు రోజుల్లో తనూ వస్తానంది.

సెప్టెంబరు, మొదటి వారం

ఓవెన్‌లో పెట్టే గుండ్రటి గాజు గిన్నె దొరికింది. లోపలి గోడకి ఆనుకుని రాగి రేకు చుట్ట, నడుమ రాగి కడ్డీ. మైలుతుత్తం చీపురుపల్లిలో ఎరువుల షాపులో కొన్నాం. తోటలకి బోర్డో మిశ్రమం కలుపుకునేదే. లీటరు నీళ్లకి 250 గ్రాములు. ఉప్పు నీళ్లు వాడొచ్చు కదా అని అమ్మాయి అడిగింది. ఉప్పు నీళ్లలో కరెంటు పెడితే క్లోరిన్ వస్తుంది, బుడగలు వస్తాయి, బుడగలే నీటిని కదిలించేస్తాయి. రాగి కడ్డీలతో మైలుతుత్తం వాడితే గ్యాస్ దాదాపు ఉండదు. ఒక కడ్డీ నుంచి రాగి కరిగి ఇంకోదాని మీద పేరుకుంటుంది, అంతే. ఇంకో మాట, ఆ నీళ్లు చేపలకి విషం. వాడేసినవి డ్రమ్ములో దాస్తున్నాం, కాలవలో పొయ్యడం లేదు.

బ్యాటరీ ఛార్జర్‌తో 2 ఆంపియర్లు పంపాం. పైన మిరియాల పొడి చల్లాం. అయస్కాంతం ఇంకా పెట్టలేదు కాబట్టి ఏమీ కదలకూడదని అనుకున్నాం. మొదట కదల్లేదు. కాసేపటికి పొడి నడుమ నుంచి గోడల వైపు నెమ్మదిగా జరగసాగింది. ఛార్జర్ తీగలు అటూ ఇటూ మార్చాం. ఈసారి పొడి గోడల నుంచి నడుమకి వచ్చింది.

“కరెంటు తోస్తోందా సార్?” అంది అమ్మాయి.

కరెంటు తన అయస్కాంత బలంతో తోస్తే, తీగలు మార్చినా దిక్కు మారకూడదు. ఆ బలం ఆంపియర్ల వర్గం మీద ఉంటుంది, ప్లస్సూ మైనస్సూ దానికి ఒక్కటే. పైగా 2 ఆంపియర్లకి ఆ బలం లెక్కలోకి రానంత చిన్నది. ఇక్కడ జరిగింది వేరు. నడుమ కడ్డీ మైనస్ అయినప్పుడు దాని పక్క నీళ్లలోని రాగి కడ్డీ మీదికి పోతుంది, ఆ నీళ్లు తేలికై పైకి లేస్తాయి, పైన గోడల వైపు పరుచుకుంటాయి. ప్లస్ అయితే రాగి నీళ్లలోకి దిగుతుంది, ఆ నీళ్లు బరువెక్కి మునుగుతాయి, పైపొర లోపలికి లాగబడుతుంది. బరువు తేడా వల్ల పుట్టే కదలిక ఇది. ఫర్నేస్‌లో ఇదే పని వేడి చేస్తుంది: ఆర్క్ కింద లోహం వేడెక్కి తేలికై, పైపొరలో గోడల వైపు పారుతుంది.

మైనస్‌గా ఉన్న కడ్డీ తీసి చూస్తే ఇటుకరంగు గరుకు రాగి పట్టి ఉంది. వేలు తాకిస్తే పొడిగా రాలిపోయింది.

సెప్టెంబరు, మూడో వారం

విజయనగరంలో పాత సామాన్ల షాపులో పెద్ద స్పీకర్ దొరికింది. విప్పి రింగు అయస్కాంతం తీసి గిన్నె కింద పెట్టాం. అదే 2 ఆంపియర్లు. మిరియాల పొడి వెంటనే గుండ్రంగా తిరగడం మొదలెట్టింది. తీగలు మారిస్తే తిరుగుడు ఎదురైంది. తీగలు అలాగే ఉంచి అయస్కాంతం తిరగేస్తే మళ్లీ ఎదురైంది. రెండూ మారిస్తే మొదటి దిక్కుకే వచ్చింది. ఈ నాలుగూ అమ్మాయి తన నోట్సులో గడులు గీసి రాసుకుంది. వైవాలో ఎవరడిగినా చెప్పగలదు.

దీనికి నేనింత సంబరపడటానికి కారణం ఉంది. నడుమ నుంచి గోడకి పోయే కరెంటుకి నిలువు అయస్కాంత క్షేత్రం తగిలితే ద్రవం గిరగిర తిరుగుతుంది. పెద్ద డీసీ ఫర్నేస్ కింద ఎవరూ స్పీకర్ పెట్టరు. కానీ వేల ఆంపియర్లు మోసే బస్‌బార్లు (మందపాటి లోహపు పట్టీలు) పక్కనే పోతుంటాయి. ఈ అయస్కాంతం చేసే పని అక్కడ వాటి క్షేత్రమే చేస్తుంది, వద్దన్నా.

ఇంకో సంగతి. నీళ్లు తిరుగుతున్నప్పుడు, నానబెట్టి అడుక్కి దించిన రంపపు పొట్టు గోడల దగ్గర పోగవుతుందని అమ్మాయి పందెం కాసింది. అది నడుమకే చేరింది. టీ గ్లాసులో చెంచా తిప్పితే పొడి అడుగున మధ్యకి చేరినట్టే. అడుగున నేల రాపిడికి నీటి వేగం తగ్గుతుంది, తగ్గిన నీరు నడుమకి జారి అక్కడ పైకి లేస్తుంది. అంటే గుండ్రటి తిరుగుడు ఒక్కటే కాదు, దాని వెంట కిందికీ పైకీ ఇంకో చిన్న తిరుగుడు ఉంది. ఫర్నేస్‌లో అడుగున ఉన్న చల్లటి లోహం కదలడానికి ఇదీ ఒక దారి.

సెప్టెంబరు, నెలాఖరు

గాలి పరీక్ష. సన్నటి గొట్టంతో బ్లోయర్ గాలి నీటి నడుమకి నిలువుగా కొట్టాం. సెకనుకి 10 మీటర్ల గాలికి నీళ్లలో 6 మిల్లీమీటర్ల గుంట పడాలి, లెక్క అది. ఇంచుమించు పడింది. పొడి అన్ని వైపులా గోడలకి పారిపోయింది. ఆర్క్ కూడా గాలిలాగే కొడుతుంది, అందులోని వేడి గ్యాస్ కిందికి దూకి లోహం మీద పరుచుకుంటుంది. పైన వేలెడు మందం సన్‌ఫ్లవర్ నూనె పోశాం. నూనె అటూ ఇటూ పొర్లింది, కింద నీళ్లు దాదాపు నిలబడ్డాయి. లోహం మీద తేలే స్లాగ్ (కరిగిన మడ్డి) ఉంటే ఆర్క్ గాలి రాపిడి లోహం దాకా అందదని పుస్తకాల్లో రాసేది ఇదే.

ఇక అసలు తగువు. పైపొరలో బరువు తేడా బయటికి తోస్తుంది, గాలి రాపిడీ బయటికే తోస్తుంది. ఆర్క్ తగిలిన చోటు నుంచి లోహంలోకి విచ్చుకుని దిగే కరెంటు మాత్రం తన సొంత అయస్కాంత బలంతో లోహాన్ని లోపలికి నొక్కి నడుమలో కిందికి తోస్తుంది. మూడింట్లో ఏది గెలిస్తే వేడి అటు. బయటి దిక్కు గెలిస్తే స్లాగ్ గీత దగ్గర గోడ ఇటుక అరుగుతుంది. లోపలి దిక్కు గెలిస్తే లోహం బాగా కలుస్తుంది, కానీ వేడి అడుగుకి దిగుతుంది. 1980ల్లో ఎంఐటీలో జూలియన్ సెకెలీ బృందం కంప్యూటర్ మీద వేసిన లెక్కలు ఈ పోటీ గురించే.

అక్టోబరు

దసరా, ఆ తర్వాత విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను. మేస్త్రీ షెడ్డుకి తాళం. మూస మాత్రం ఆర్డరు పెట్టాం.

నవంబరు, రెండో వారం

వేడిది నిలబడింది. పాత రంగు డబ్బా, లోపల సిరామిక్ ఉన్ని, ఫైర్‌క్లే ఇటుక ముక్కలు, నడుమ గ్రాఫైట్ మూస. మూస కింద గ్రాఫైట్ దిమ్మ, దాని కింద ఇనప పలక, పలక అంచున ఎర్త్ క్లాంప్ (మెషిన్ రెండో తీగ పట్టే క్లిప్పు). కడ్డీ మైనస్, మూస ప్లస్. డీసీ ఫర్నేసుల్లోనూ పైన ఎలక్ట్రోడ్ మైనస్సే, ప్లస్ అడుగున ఉంటుంది. ప్లస్ వైపు వేడి ఎక్కువ పడుతుంది, మనకి వేడెక్కాల్సింది లోహం కాబట్టి అదే మేలు. ఇటుకల్లో నాలుగు దిక్కులా కె రకం థర్మోకపుల్స్ (వేడి కొలిచే తీగలు) దూర్చాం. వాటికి పేర్లు పెట్టింది అమ్మాయే: పట్టాల వైపు, రోడ్డు వైపు, చింతచెట్టు వైపు, షాపు వైపు.

మాంగనీసు ఖనిజం వెయ్యమని అందరూ సలహా ఇచ్చారు, గరివిడిలో ఉండి మేకులు కరిగించడమేమిటని. వెయ్యను. మాంగనీసు పొగ ఏళ్ల తరబడి పీలిస్తే చేతులు వణుకుతాయి, నడక మారుతుంది. ప్లాంటులో పొగ లాగేసే ఏర్పాటు ఉంటుంది, ఇక్కడున్నది రేకు పైకప్పు. మేకులే నయం. అవీ ముందు వేడి చేసి తడి ఆరబెట్టి వేస్తున్నాం, తడి తుక్కు కరిగిన లోహంలో పడితే ఎగిరి మీద పడుతుంది. 11వ నంబరు వెల్డింగ్ అద్దం, తోలు ఏప్రాన్ లేకుండా ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదు.

150 ఆంపియర్లు, 25 వోల్టులు, అంటే 3.75 కిలోవాట్లు. ఉక్కుని 1600 డిగ్రీల దాకా తేవడానికి సిద్ధాంతం ప్రకారం టన్నుకి 380 యూనిట్ల దరిదాపు కావాలి. ఆ లెక్కన 300 గ్రాముల మేకులకి రెండు నిమిషాలు చాలు. మాకు దానికి ఎన్నో రెట్లు పట్టింది. మిగతాదంతా ఇటుకలు తాగాయి, పైన తెరిచిన నోటి నుంచి వెలుగుగా పోయింది. చిన్న ఫర్నేస్‌కి లోపలి సరుకు కంటే చుట్టూ గోడ ఎక్కువ, ఏం చేసినా ఈ దుబారా తప్పదు.

ఇంకో తమాషా, గ్రాఫైట్ మూసలో కరిగాక మేకులు ఉక్కుగా ఉండవు. కార్బన్ లాక్కుని పోత ఇనుమవుతాయి. కార్బన్ 4.3 శాతానికి చేరితే కరిగే వేడి 1150 డిగ్రీలకి పడిపోతుంది. అందుకే చివరి మేకులు మొదటివాటి కంటే తొందరగా మునిగిపోయాయి. చల్లారాక ముద్దని సుత్తితో కొడితే వంగలేదు, రెండు ముక్కలైంది.

నవంబరు, చివరి వారం

చింతచెట్టు వైపు థర్మోకపుల్ మిగతా మూడింటి కంటే ఎప్పుడూ ఎక్కువే చూపిస్తోంది. వంద డిగ్రీలకి పైమాటే. ఇటుక ముక్కలు అటు ఇటు మార్చాం, థర్మోకపుల్ మార్చాం, అయినా చింతచెట్టు వైపే. అద్దంలోంచి చూస్తే ఆర్క్ నిలువుగా లేదు. నోరు అటు తిప్పి, గోడ మీదికి నాలుక చాస్తోంది.

మేస్త్రీ టీ తాగుతూ చూసి నవ్వారు.

“ఎర్తు ఎటేసావు బావూ?”

“షాపు వైపు మేస్త్రీ.”

“మరి మంట అటెల్లదేటి? ఎర్తుకి ఎదురే ఎల్తాది. డీసీ మీద రాడ్డు పట్టినోడికి రోజూ ఉన్న గోలే ఇది. క్లాంపు తీసి ఇటేసి సూడు.”

వెల్డర్లు దీన్ని ఆర్క్ బ్లో అంటారు. క్లాంప్ తీసి చింతచెట్టు వైపు వేశాం. ఆర్క్ షాపు వైపు వాలింది. కాస్త ఆగితే షాపు వైపు అంకెలు పెరగడం మొదలయ్యాయి.

దీని వెనక లెక్క పెద్దదేం కాదు. కరెంటు కడ్డీలో నిలువుగా దిగి, మూస కింద పక్కకి తిరిగి క్లాంప్ వైపు పోతుంది. ఆ మలుపు లోపలి మూలలో అయస్కాంత క్షేత్రం చిక్కగా ఉంటుంది, ఆర్క్‌ని మూల నుంచి అవతలికి తోస్తుంది. కడ్డీ గట్టిది, కదలదు. పలకా అంతే. ఆర్క్ ఒట్టి వేడి గ్యాస్, అదొక్కటే లొంగుతుంది. తుక్కు కరిగించే పెద్ద డీసీ ఫర్నేసుల్లో ఇదే గొడవ వేల రెట్లు. అందుకే వాటి అడుగున బస్‌బార్లు ఏ వైపు నుంచి తేవాలి, ఎలా చుట్టి తేవాలి అన్నది ఫర్నేస్ గీసేటప్పుడే తేలుస్తారు. మూడు ఎలక్ట్రోడ్ల ఏసీ ఫర్నేసుల్లో మూడు ఆర్క్‌లూ ఒకదాన్నొకటి బయటికి నెట్టుకుంటాయి. ఒక్కో ఎలక్ట్రోడ్‌కి ఎదురుగా గోడ మీద ఒక్కో వేడి మచ్చ పడేది అందుకే.

అంటే ఏ గోడ అరుగుతుందో చెప్పాలంటే ఇటుక కంటే ముందు కరెంటు తిరుగు దారి చూడాలి. మెటలర్జీ పుస్తకం తిరగేసే నాకు ఇది వెల్డింగ్ షాపులో తెలియడం కాస్త రోషంగానే ఉంది.

డిసెంబరు, మొదటి వారం

కాగితం మీద లెక్క. ఆర్క్ లోహాన్ని కిందికి నెట్టే బలం ఆంపియర్ల వర్గం మీద పెరుగుతుంది. మా 150 ఆంపియర్లకి అది తక్కువలో తక్కువ 0.1 గ్రాము బరువంత. 40,000 ఆంపియర్ల ఫర్నేస్‌లో అదే సూత్రానికి 8 కిలోలు. కంసాలి త్రాసు పట్టే బరువు ఒక చోట, చంటిపిల్లంత బరువు ఇంకో చోట.

దీన్నిబట్టి పెద్దదాంట్లో అయస్కాంత బలం ఒక్కటే రాజ్యమేలుతుందని తేల్చేద్దామనిపించింది. తొందరపడకుండా వేగాలు కూడా వేశాం. మా మూసలో, 3 సెంటీమీటర్ల కొలతకి, 100 డిగ్రీల తేడా ఉంటే బరువు తేడా పుట్టించే వేగం సెకనుకి 5 సెంటీమీటర్ల దరిదాపు. కరెంటు సొంత బలం ఇచ్చేది 1 సెంటీమీటరు. మీటరు కొలత, 40,000 ఆంపియర్లకి వేస్తే మొదటిది 31 సెంటీమీటర్లు, రెండోది 8. నిష్పత్తి రెండు చోట్లా దాదాపు ఒకటే! ఆంపియర్లు ఎంత పెరిగినా అవి పరుచుకునే జాగా కూడా పెరిగింది మరి. తేడా ఆర్క్ తగిలే చోట వస్తుంది. అక్కడ అదే కరెంటు 20 సెంటీమీటర్ల మేరలో ఇరుక్కుంటే వేగం సెకనుకి 40 సెంటీమీటర్లు దాటుతుంది. అంటే ఆర్క్ కింద కరెంటుదే పెత్తనం. దూరం పోయేకొద్దీ, గోడల దగ్గర, వేడి తేడాకి వంతు వస్తుంది. ఇవి కొలతల అంచనాలే, వేగాలు ఇంతే ఉంటాయని కాదు. కానీ దేన్ని లెక్కలోంచి తీసేయకూడదో చెప్పడానికి ఇవి చాలు.

“మూసలో తిరుగుడు చూడలేం కదా సార్, మరి ఎలా నమ్మడం?” అని అమ్మాయి ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. కరిగిన ఇనుము అద్దం కాదు, లోపల ఏమీ కనిపించదు. మేం పట్టుకోగలిగింది గోడ వేడి, ఆర్క్ వాలు, అంతవరకే. లోపలి తిరుగుడుకి సాక్ష్యం గిన్నెలోని మైలుతుత్తమే. గిన్నెనీ మూసనీ కలిపి ఒక్క కథగా చెప్పకుండా, ఏది ఎక్కడ చూశామో రిపోర్టులో విడివిడిగా రాయమన్నాను.

డిసెంబరు, మూడో వారం

రెండు క్లాంపులు, ఎదురెదురు అంచులకి, ఒకే పొడవు కేబుళ్లతో. ఆర్క్ లేచి నిలబడింది. పూర్తిగా కాదు, అప్పుడప్పుడు తూలుతోంది, కానీ ఒకే గోడని పట్టుకుని వేలాడటం లేదు. నాలుగు దిక్కుల తేడా 30 డిగ్రీల లోపుకి దిగింది. ఒక కేబుల్ చివర వదులు చేసి చూస్తే మళ్లీ వాలింది: వదులైన క్లాంప్ వైపే, ఎందుకంటే కరెంటు బిగుతుగా ఉన్న రెండోదాన్ని పట్టుకుంది. ప్లాంటులో బస్‌బార్ బోల్టులు బిగించడం మెయింటెనెన్స్ వాళ్ల పని అని మేం ఆపరేషన్ వాళ్లం ఎన్నడూ పట్టించుకోలేదు.

ఆర్క్ పొడుగు కూడా మార్చి చూశాం. కడ్డీ పైకి ఎత్తితే వోల్టులు పెరుగుతాయి, మీటరులో కిలోవాట్లు పెరుగుతాయి, చూసేవాళ్లకి పని బాగా జరుగుతున్నట్టుంటుంది. గోడ నాలుగు దిక్కులా వేడెక్కుతుంది, మేకులు మాత్రం మెల్లగా కరుగుతాయి. పొడుగు ఆర్క్ వెలుగు చుట్టూ చిమ్ముతుంది. ఉక్కు ఫర్నేసుల్లో కార్బన్, ఆక్సిజన్ ఊది స్లాగ్‌ని నురగలా పొంగించి ఆర్క్‌ని అందులో ముంచేది దీనికోసమే.

జనవరి, సంక్రాంతి ముందు

ఇప్పుడు మా ఊరి పద్ధతి. మూసలో బఠాణీ గింజంత కోక్ ముక్కలు నింపి కడ్డీని అందులోకి గుచ్చాం. ఆర్క్ చప్పుడు లేదు, అద్దం అక్కర్లేనంత తక్కువ వెలుగు. కడ్డీ చుట్టూ కోక్ ముందు ఎర్రబడింది, తర్వాత నారింజ రంగుకి తిరిగింది. క్లాంప్ ఒకటి తీసేసినా నాలుగు దిక్కుల అంకెలూ కలిసే నడిచాయి. కోక్‌లో కరెంటు వాలడానికి ఏమీ లేదు, అది ముక్క నుంచి ముక్కకి దారి వెతుక్కుంటుంది. దాని బెడద వేరు: ముక్కలు కాలి కుంగినప్పుడల్లా ఆంపియర్లు ఊగుతున్నాయి, కడ్డీ దింపుతూ కూర్చోవాలి. షిఫ్టులో ఎలక్ట్రోడ్ పైకీ కిందికీ ఆడించిన చేతికి ఇది పరిచయమైన పనే.

కోక్ సైజు మారిస్తే ఏమవుతుందో తర్వాత చూడాలి. జల్లెడలు రెండు కావాలి, ఒకటి మేస్త్రీ ఇంట్లో ఉందట. పండక్కి అరిసెల పిండి జల్లించడం అయ్యాకే ఇస్తారట.